గ్రీన్ టీ – మూత్రపిండాలు : పోయినేడు చెప్పిన మాటకు ఈ యేడు సవరణ

(మిర్యాలగూడలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో ఆరోగ్య విషయమై చేసిన ప్రసంగ పాఠము)



నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా లాబొరేటరీలో రక్తము, మూత్రము పరీక్ష చేసి చీటీలు రాసి ఇచ్చినవాణ్ణి. ఆ చీటీల మీద అంకెలు మారడం చూశాను, ఆ అంకెలతో పాటు మనుషుల ముఖాలు మారడం కూడా చూశాను. ఆ అనుభవంతోనే పోయిన సంవత్సరం ఇదే సమావేశంలో నాకు పది నిమిషాలు ఇస్తే, గ్రీన్ టీ తాగడం మూత్రపిండాలకు మేలు అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఈ యేడు మళ్ళీ మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఇంకో విషయం వద్దు, ఆ విషయమే మళ్ళీ చెప్పుకుంటాను అన్నాను. ఎందుకో మనవి చేస్తాను.

ఆనాటి సభలో మన సభ్యుడే ఒక పెద్దమనిషి ముందు వరసలో కూర్చుని విన్నాడు. రైస్ మిల్లులో గుమాస్తా పని చేసి మానుకున్నాడు. వారి అనుమతితోనే చెబుతున్నాను గాని పేరు చెప్పను. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు, ఏడెనిమిదేళ్ళుగా బి.పి. ఇంటికి పోయి, రోజుకు ఐదారు కప్పులు గ్రీన్ టీ మొదలుపెట్టాడు. అది సరే. కాని దానితో పాటు బి.పి. గోళీలు, షుగరు గోళీలు తగ్గించుకుంటూ వచ్చి ఒకనాటికి మొత్తం మానేశాడు. "ఆకు పని చేస్తున్నప్పుడు మందులెందుకు" అనుకున్నాడట. తరువాత ఎవరో చెబితే గ్రీన్ టీ సారము గొట్టాలు కూడా తెప్పించుకొని మింగాడు. ఎనిమిది నెలలకు కాళ్ళు వాచినవి. ఆకలి పోయింది. నా దగ్గరకు వచ్చినప్పుడు క్రియాటినిన్ చూస్తే ఏడుకు దగ్గరగా ఉంది. మామూలుగా అది ఒకటికి అటూ ఇటూ ఉండవలసిన అంకె.

చీటీ చేతికి ఇస్తుంటే ఆయన కోపగించుకోలేదు. మెల్లగా "మీరే గదా భాయ్ సాబ్, మంచిదని చెప్పింది" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనీయలేదు.

ఇప్పుడు ఆయన వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పోతున్నాడు. పెద్ద డాక్టరు గారు నాకు చెప్పింది ఇది: "చాయ్ చేసిన పని కాదిది. మందులు మానిన పని. అంతకు ముందే రోగం మొదలై ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు." నిజమే. ఆయన జేబులో రెండేళ్ళ నాటి చీటీ ఒకటి మడతపెట్టి ఉంది. అప్పటికే మూత్రంలో ఆల్బుమిన్ పోతున్నది. ఆ చీటీ ఆయన ఎవరికీ చూపలేదు. నేనూ ఆ సభలో "మందులు మానకండి" అనే నాలుగు అక్షరాలు అదనంగా చెప్పలేదు. ఇద్దరిదీ తప్పే. నా వంతు సరిచేసుకోవడానికి ఇవాళ నిలబడ్డాను.

మూత్రపిండం చేసే పని

ముందు మూత్రపిండం సంగతి. మన పిడికిలి అంత ఉంటుంది. ఒక్కొక్కటి నూటయాభై గ్రాముల బరువు. ఒక్కొక్కదానిలో సుమారు పది లక్షల చిన్న జల్లెడలు, వాటినే నెఫ్రాన్లు అంటారు. రెండూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల నీటిని వడబోసి, అందులో దాదాపు అంతా తిరిగి ఒంటికే ఇచ్చి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రం బయటకు పంపుతాయి. మలినాలు తీయడం ఒక్కటే కాదు, బి.పి.ని అదుపులో పెట్టడం, నెత్తురు పుట్టడానికి కావలసిన హార్మోను ఇవ్వడం, ఎముకలకు విటమిన్ డి పనికి వచ్చేట్టు చేయడం కూడా వాటి పనే.

ఇంత పని చేసేవి, చెడిపోయేటప్పుడు మాత్రం చప్పుడు చేయవు. పంటినొప్పి రాత్రంతా ఏడిపిస్తుంది గాని, మూత్రపిండం సగం పోయినా నొప్పి ఉండదు. కాళ్ళ వాపు, వాంతి, ఆయాసం కనబడేసరికి చాలావరకు పోయి ఉంటుంది. దీనికి ముఖ్య కారణాలు రెండు: షుగరు, బి.పి. ఆ తరువాత మూత్రపు రాళ్ళు, పుట్టుకతో వచ్చే లోపాలు, డాక్టరును అడగకుండా నెలల తరబడి మింగే ఒళ్ళునొప్పుల గోళీలు. మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళు, పొలం పనివాళ్ళు పొద్దుగూకగానే ఒక నొప్పి గోళీ వేసుకోవడం మనమందరం చూస్తున్నదే.

కొన్నిచోట్ల కారణం అంతు చిక్కదు కూడా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు, షుగరు బి.పి. లేని రైతులకు, కొబ్బరి జీడితోటల కూలీలకు కూడా మూత్రపిండాలు పాడవుతున్నాయి. ఏళ్ళ తరబడి పరిశోధన చేసినా ఇదీ కారణమని తేల్చి చెప్పలేకపోయారు. అక్కడి వారి కోసమే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. పెద్ద పెద్దవాళ్ళే "ఇంకా తెలియదు" అంటున్నచోట, ఒక ఆకు పేరు చెప్పి అన్నీ నయమవుతాయనడం ఎంత తొందరపాటో ఆలోచించండి.

గ్రీన్ టీలో ఏముంది

గ్రీన్ టీ వేరే చెట్టు కాదు. మనం ఇరానీ హోటల్లో తాగే చాయ్, కాశ్మీరువాళ్ళు ఏలకులు, దాల్చినచెక్క వేసి కాచే కహ్వా, చైనా జపానువాళ్ళ పచ్చని టీ, అన్నీ ఒకే చెట్టు ఆకు. ఆకు కోసి వాడబెట్టి, నలిపి, గాలికి పులియనిస్తే నల్ల టీ. కోయగానే ఆవిరి పట్టించో మూకుట్లో వేయించో పులియకుండా ఆపితే గ్రీన్ టీ. అలా ఆపడం వల్ల కేటెచిన్లనే పదార్థాలు ఎక్కువగా నిలిచి ఉంటాయి. అందులో ముఖ్యమైనది ఇ.జి.సి.జి. ఇది ఒంట్లో కణాలకు తుప్పు పట్టించే పనిని కొంత అడ్డుకుంటుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో మూత్రపిండాలకు మేలు కనబడింది. ఎలుకకు మేలైతే మనిషికీ మేలేనని మాత్రం కాదు.

మనుషుల మీద జరిగిన ఒక ప్రయోగం గురించే పోయినేడు నేను చెప్పాను. బ్రెజిల్ దేశంలో చేసి, 2016లో ప్రకటించారు. షుగరు వల్ల మూత్రంలో ఆల్బుమిన్ పోతున్న 42 మందిని తీసుకొని, సగంమందికి గ్రీన్ టీ సారము, సగంమందికి ఉత్త గొట్టాలు, 12 వారాలు ఇచ్చారు. సారము తీసుకున్నవాళ్ళలో ఆల్బుమిన్ 41 శాతం తగ్గింది. ఈ మాటే నేను గొప్పగా చెప్పాను. నేను చెప్పకుండా వదిలిపెట్టినవి మూడు సంగతులున్నాయి. ఇప్పుడు చెబుతాను, దయచేసి గుర్తు పెట్టుకోండి.

ఒకటి, ఆ 42 మందీ మూత్రపిండాలను కాపాడే బి.పి. మందులు పూర్తి మోతాదులో వాడుతూనే ఉన్నారు. సారము ఇచ్చింది ఆ మందులకు తోడుగా. మందుల బదులు కాదు.

రెండు, వాళ్ళు తీసుకున్నది కప్పు చాయ్ కాదు. రోజుకు 800 మిల్లీగ్రాముల ఇ.జి.సి.జి. కప్పు గ్రీన్ టీలో ఉండేది యాభై నుండి వంద మిల్లీగ్రాముల దాకా. అంటే ఎనిమిది కప్పుల పైమాటే. పోనీ గొట్టాలే మింగుదామంటే, 2018లో యూరోపు ఆహార భద్రతా సంస్థ సరిగ్గా ఆ 800 మిల్లీగ్రాముల దగ్గరనే హెచ్చరిక చేసింది. గొట్టాల రూపంలో రోజుకు అంత, ఆపైన తీసుకుంటే కొందరిలో కాలేయం దెబ్బతిన్న సూచనలు రక్తంలో కనబడుతున్నాయని చెప్పింది. మామూలుగా కాచి తాగే టీ సాధారణంగా క్షేమమేనన్నది. మూత్రపిండం కోసం పోయి కాలేయానికి ముప్పు తెచ్చుకోవడం ఏం తెలివి?

మూడు, పన్నెండు వారాలు అంటే మూడు నెలలు. ఆల్బుమిన్ తగ్గడం మంచి గుర్తు. కాని పదేళ్ళ తరువాత డయాలసిస్ తప్పుతుందా లేదా అన్నది ఆ మూడు నెలల ప్రయోగం చెప్పలేదు.

రాళ్ళ సంగతి

మన ఎండలకు, మన పనులకు మూత్రపు రాళ్ళ బాధ చాలామందికి ఉన్నదే. ఇది కొత్త బాధ కాదు. వెయ్యేళ్ళ కిందట హకీం రాజీ మూత్రపిండాలలో, మూత్రాశయంలో వచ్చే రాళ్ళ గురించే వేరుగా ఒక గ్రంథం రాశాడు.

"టీలో ఆక్సలేటు ఉంటుంది, రాళ్ళు వస్తాయి" అని కొందరు, "టీ తాగితే రాళ్ళు రావు" అని కొందరు అంటుంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. అమెరికాలో లక్షా తొంభై నాలుగు వేల మందిని ఎనిమిదేళ్ళకు పైగా గమనించి 2013లో చెప్పిందేమంటే, టీ బాగా తాగేవారిలో రాళ్ళు 11 శాతం తక్కువగా వచ్చాయట. చక్కెర వేసిన కోలాలు తాగేవారిలో 23 శాతం ఎక్కువ. టీతో పాటు నీళ్ళు లోపలికి పోతాయి గదా, అదీ ఒక కారణం కావచ్చు. నల్ల టీ కంటే గ్రీన్ టీలో ఆక్సలేటు సాధారణంగా తక్కువ. ఇదొక మంచి మాట.

అయితే మితిమీరితే ఏమవుతుందో కూడా వినండి. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో 56 ఏళ్ళ మనిషి మూత్రపిండాలు పాడై ఆసుపత్రికి వచ్చాడు. కారణం వెతికితే, రోజుకు పదహారు గ్లాసుల చల్లని నల్ల టీ తాగుతున్నాడట. లెక్కకు మూడున్నర లీటర్ల పైనే. ఆక్సలేటు మూత్రపిండాల్లో పేరుకుపోయింది. చివరకు డయాలసిస్ మీద పడ్డాడు. 2015లో వైద్య పత్రికలో ఈ సంగతి వచ్చింది. రెండు కప్పులకు మేలు చేసేది పదహారు గ్లాసులకు కీడు చేస్తుంది.

మన జిల్లా నీళ్ళు, మన చాయ్

ఇప్పుడు అన్నిటికంటే మన ఇంటికి దగ్గరి విషయం. నల్లగొండ పేరు చెబితే ప్రపంచంలో నీటి శాస్త్రం చదివినవాళ్ళకు ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు పెట్టిన పేరు దేశాలు దాటి పోయింది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు వంకరపోయిన కాళ్ళతో, వంగిన నడుములతో ఎన్ని తరాలు బాధపడ్డాయో మనకు తెలుసు. మనవైపు 1967లో సాగర్ ఎడమకాలువకు నీళ్ళు వదిలిన తరువాత పొలాలూ బాగుపడ్డాయి, మిల్లులూ వెలిశాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ వల్ల కృష్ణా నీళ్ళు ఎన్నో ఊళ్ళకు వచ్చాయి. ఐనా బోరు నీళ్ళు తాగే ఇండ్లు, బోరు నీళ్ళతో చాయ్ కాచే హోటళ్ళు ఇంకా లేకపోలేదు.

దీనికీ టీకీ ఏమి సంబంధమంటారా? టీ చెట్టు నేలలో ఉన్న ఫ్లోరైడ్‌ను లాగి ఆకుల్లో దాచుకుంటుంది. లేత ఆకులో తక్కువ, ముదురాకులో ఎక్కువ. చవక రకాలు ముదురాకుతో చేస్తారు. కాచిన టీలో లీటరుకు ఒకటి నుండి ఐదు మిల్లీగ్రాముల దాకా ఫ్లోరైడ్ ఉన్నట్టు అనేక పరీక్షల్లో తేలింది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. టిబెట్టు వైపు ముదురాకుతో ఇటుకల్లాగ చేసిన టీ తాగేవాళ్ళకు ఫ్లోరోసిస్ వచ్చిందంటే ఇదే కారణం.

ఒంట్లోకి పోయిన ఫ్లోరైడ్‌ను బయటకు తోసేది ముఖ్యంగా మూత్రపిండాలే. అవి బలహీనపడ్డవానికి ఆ పని సరిగా జరగదు, ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. కనుక బోరు నీళ్ళు, ముదురాకు టీ, బలహీనమైన మూత్రపిండం, మూడూ ఒకచోట కలిస్తే మంచిది కాదు. ఇంకొక మాట. "నీళ్ళు బాగా మరగబెడితే అన్నీ పోతాయి" అనుకుంటారు మన ఇండ్లల్లో. మరగబెడితే పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ చావదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. అందుకని చాయ్‌కైనా గ్రీన్ టీకైనా నల్లా నీళ్ళో, శుద్ధి చేసిన నీళ్ళో వాడండి.

ఎవరు తాగవచ్చు, ఎవరు జాగ్రత్త పడాలి

మూత్రపిండాలు బాగున్నవారు రోజుకు రెండు మూడు కప్పులు గ్రీన్ టీ నిశ్చింతగా తాగవచ్చు. పాలు చక్కెర వేసిన ఆరు చాయ్‌ల బదులు ఇది తాగితే చక్కెరైనా తగ్గుతుంది. షుగరు ఉన్నవారికి ఆ లాభమే పెద్ద లాభం. అయితే రెండు చెంచాలు తేనె కలిపి తాగితే ఆ లాభమూ పోయినట్టే.

డయాలసిస్ మీద ఉన్నవారికి రోజుకు ఇన్ని నీళ్ళని డాక్టరు లెక్క కడతారు. ఆ లెక్కలో గ్రీన్ టీ కప్పు కూడా నీళ్ళే. "ఇది మందు గదా" అని లెక్క తప్పించకూడదు.

రక్తహీనత ఉన్నవారు, ముఖ్యంగా గర్భిణులు, మూత్రపిండ రోగులు, ఇనుము గోళీలు వేసుకుంటారు. టీలోని పదార్థాలు ఇనుమును పట్టేసి ఒంటికి అందనీయవు. అన్నంతో గాని, గోళీతో గాని టీ తాగవద్దు. గంట రెండు గంటలు ఎడం ఉండనీయండి. అమ్మలు దీన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

రంజాన్ నెలలో మూత్రపిండ రోగం ఉన్నవారు, షుగరుకు ఇన్సులిన్ తీసుకునేవారు, ఉపవాసం సంగతి ముందుగానే డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఆరోగ్యవంతులు కూడా ఇఫ్తారు నుండి సహరీ దాకా చాయ్ మీద చాయ్ తాగి నీళ్ళు మరచిపోకూడదు.

గొట్టాలు, పొడులు, "కిడ్నీ శుద్ధి" అని రంగుల డబ్బాల్లో వచ్చేవి ఎవరూ డాక్టరును అడగకుండా వాడవద్దు. మూత్రపిండాన్ని కడిగే ఆకు ఇంతవరకు లేదు. దాన్ని కడగవలసిన అవసరమూ లేదు. మనల్ని కడిగేదే అది.

సంఘానికి నా మనవి

డయాలసిస్ గది బయట ఆ పెద్దమనిషి కోసం నేను చాలాసార్లు కూర్చున్నాను. ఒక్కసారికి నాలుగు గంటలు పడుతుంది. యంత్రం ఆ నాలుగు గంటల్లో ఒక్క మనిషికి సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీటిని వాడుకుంటుంది. మనలోపల ఉన్న ఆ రెండు పిడికిళ్ళు పైసా అడగకుండా చేసే పనిని ఆ యంత్రం ఇంత హంగామాతో, అదీ కొంత మాత్రమే చేస్తుంది. సర్కారు పథకాల వల్ల డయాలసిస్ ఖర్చు చాలామందికి తప్పింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎంతోమందిని నిలబెట్టింది. కాని బస్సు చార్జీ, తోడు వచ్చేవాని కూలి, పథ్యం ఖర్చు ఎవరిస్తారు? ఆయన కొడుకు వారానికి రెండు రోజులు పనికి పోలేక పోతున్నాడు.

కాబట్టి సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను. మొదటిది, సంఘ కార్యాలయంలో ఒక బి.పి. యంత్రం, మూత్రంలో ఆల్బుమిన్ చూసే పట్టీలు ఉంచండి. నెలకొక ఆదివారం నేను వచ్చి కూర్చుంటాను, పైసా తీసుకోను. నలభై దాటినవాళ్ళు, షుగరు బి.పి. ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా మూత్రపిండ రోగం ఉన్నవాళ్ళు ఏడాదికొకసారైనా రండి. తేడా కనబడితే నేను వైద్యం చేయను, డాక్టరు దగ్గరకు తోలుతాను. రెండవది, డయాలసిస్‌కు పోయే మన కుటుంబాలకు ప్రయాణపు ఖర్చుకని సంక్షేమ నిధిలో కొంత వేరుగా పెట్టండి. మూడవది, పైసా ఖర్చు లేనిది: జేబుల్లో మడతపెట్టి దాచిన చీటీలు ఇంట్లోవాళ్ళకు చూపండి. రోగాన్ని దాచితే అది ఊరుకోదు.

నిన్న సాయంత్రం ఆయన ఇంటికి పోయి, సభలో ఈ సంగతి చెప్పవచ్చా అని అడిగాను. "చెప్పండి భాయ్ సాబ్. కాని గ్రీన్ టీ విషమని మాత్రం చెప్పకండి. పాపం, దాని తప్పేమీ లేదు" అని నవ్వాడు. వాళ్ళ కోడలు మా ఇద్దరికీ చాయ్ తెచ్చింది. ఆయనకు అర కప్పే. ఆనాటి నీళ్ళ లెక్కలో అంతే మిగిలి ఉంది.

గ్రీన్ టీ మంచి పానీయమే. పానీయంగానే తాగండి. మందు పని మందును చేయనీయండి. పోయినేడు నేను చెప్పకుండా వదిలిన మాట అదే.